ఖాళీ చేతుల సెలవు

సభకు వెళ్లిన రిపోర్టరు తిరిగొచ్చి "అక్కడ వార్తేం లేదు సార్" అని కుర్చీలో కూలబడొచ్చు. బ్యూరో చీఫ్ కాస్త విసుక్కుని ఊరుకుంటాడు. అదే సభ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ "ఫొటో ఏం లేదు సార్" అంటే చెల్లదు. మంత్రి రాలేదా, ఖాళీ కుర్చీలు తియ్యి. వాన పడలేదా, బీటలు వారిన కుంట తియ్యి. ఊళ్లో ఏమీ జరగలేదా, ఏమీ జరగని నడివీధి తియ్యి, సిటీ పేజీలో ఎక్కడో ఒకచోట సర్దుతారు. సాయంత్రానికి డెస్కులో పేజీ గీసి పెట్టి ఉంటుంది. అందులో మూడు కాలాల వెడల్పున ఒక గడి తెల్లగా నోరు తెరుచుకుని ఉంటుంది. ఖాళీ చేతులతో తిరిగిరావడమనే హక్కు పత్రికాఫీసులో అందరికీ కొద్దో గొప్పో ఉంది, ఫొటోగ్రాఫర్‌కి తప్ప.

అలాంటి మనిషి వారానికి ఒక్కరోజు దొరికే సెలవును గాలం పట్టుకుని చెరువు గట్టున గడిపితే చూసేవాళ్లకు వింతగానే ఉంటుంది. రోజంతా వేటే కదా, సెలవురోజూ వేటేనా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. జవాబు ఉంది కానీ, నిద్ర మానుకుని నాలుగింటికి బండి తీసేవాడి నోట అది సరిగ్గా పలకదు.

అమీర్‌పేట, పంజగుట్టలు ఫొటోగ్రాఫర్‌కి అన్నం పెట్టే పేటలు. మైత్రీవనం చుట్టూ గోడ కనిపించకుండా వేలాడే కోర్సుల బోర్డులు, ఏ ఏటి మోజు ఆ ఏడు నేర్చుకుందామని వీపున బ్యాగుతో దిగే జిల్లాల పిల్లలు, చేతిలో పెట్టి మరీ పోయే కరపత్రాలు. ఎండాకాలంలో చెరుకురసం బండి దగ్గర గుంపు, పరీక్షల ఫలితాల రోజు గుంపు, ఉద్యోగాల్లేని ఏడాది గుంపు. అన్నీ ఒకే కూడలిలో దొరుకుతాయి. 2017 నవంబర్‌లో మెట్రో మొదలయ్యాక ఎరుపు, నీలం లైన్లు ఒకదాన్నొకటి దాటే స్టేషన్ ఇక్కడే వచ్చింది. మెట్ల అడుగున కెమెరా పెట్టి పైకి తీసినా ఫొటోయే, పై అంతస్తు నుంచి కిందికి తీసినా ఫొటోయే. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం. అమ్మవారు నేలమట్టానికి దిగువన బావిలో ఉంటుంది కాబట్టి అక్కడ వెలుగు ఎటునుంచి వస్తుందో తెలిసిన ఫొటోగ్రాఫర్లు కాస్త ముందే వెళ్లి చోటు పట్టుకుంటారు.

పంజగుట్ట సంగతి వేరు. అక్కడ ఎక్కువగా పడిగాపులే. 2009 డిసెంబర్‌లో కె. చంద్రశేఖర రావు నిరాహార దీక్షతో నిమ్స్ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఊళ్లో కెమెరాలన్నీ ఆ గేటు దగ్గరే నిద్రపోయాయి. లోపల ఏం జరుగుతోందో తెలీదు, బయట గేటు తప్ప ఏమీ కనిపించదు, అయినా రోజూ ఫొటో పంపాలి. డిసెంబర్ 9 రాత్రి కేంద్రం తెలంగాణ ప్రకటన చేసేదాకా అదే వరస. 2023 డిసెంబర్ 7న బేగంపేట దారిలో ముఖ్యమంత్రి నివాసం ప్రగతి భవన్ ముందున్న ఇనుప కంచె తొలగించినప్పుడు కథ తిరగబడింది. ఏళ్ల తరబడి తియ్యడానికి కంచె తప్ప ఏమీ లేని చోట ఒక్క మధ్యాహ్నంలో ఎన్ని ఫ్రేములు కావాలంటే అన్ని. అంతకుముందు, 2007 సెప్టెంబర్ 9న, కడుతూ ఉన్న పంజగుట్ట ఫ్లైఓవర్‌లో ఒక భాగం కూలింది. అది ఆదివారం. లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరిగి రెండు వారాలు. పత్రికా ఫొటోగ్రాఫర్ సెలవుకు ఉన్న విలువ ఎంతో ఆ నెలలో పనిచేసినవాళ్లకు బాగా తెలుసు.

గాలం పట్టేవాళ్లు హైదరాబాద్‌లో తక్కువేం కాదు. ఆదివారం తెల్లవారుజామున ఊరు దాటే బైకుల్లో కొన్నిటికి పక్కన పొడవాటి సంచి కట్టి ఉంటుంది. కానీ ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లు మాత్రం అరుదు. మామూలు గాలానికి వానపామో, పిండిముద్దో గుచ్చి, బెండు కట్టి, బరువుతో దూరంగా విసిరి కూర్చుంటారు. ఫ్లై ఫిషింగ్‌లో ఎర ఉండదు, బరువు ఉండదు. కొక్కేనికి ఈకలూ, వెంట్రుకలూ చుట్టి పురుగులాగో కప్పలాగో కట్టిన బొమ్మ ఉంటుంది. దాని బరువు అరచేతిలో పెట్టుకున్నా తెలియదు. అంత తేలికైనదాన్ని దూరం విసరడం కుదరదు కాబట్టి, బరువంతా దారంలోనే పెట్టారు. విసిరేది దారాన్ని, బొమ్మ దాని వెంట పోతుంది. పోటీలాగా కనిపించే ఆటల్లో ఇంత తిక్కగా, ఇంత చుట్టుతిరుగుడుగా పెట్టుకున్న నియమం మరొకటి ఉండదేమో. పది నిమిషాల్లో వలతో అయ్యే పనిని పూటంతా అవకుండా చూసుకోవడానికే మనుషులు దీన్ని కనిపెట్టారని అనుమానం.

ఈ విద్యకూ వార్తాపత్రికలకూ ఒక పాత చుట్టరికం ఉంది. గాలపువేట మీద ఇంగ్లిషులో అన్నిటికంటే పేరున్న పుస్తకం 'ద కంప్లీట్ ఆంగ్లర్' 1653లో వచ్చింది. రాసిన ఐజాక్ వాల్టన్ లండన్‌లో బట్టల వ్యాపారి, కొట్టు ఫ్లీట్ స్ట్రీట్‌లో. ఫ్లై ఫిషింగ్ భాగాన్ని 1676లో అతని స్నేహితుడు చార్లెస్ కాటన్ రాసి చేర్చాడు. ఆ తర్వాత పాతికేళ్లకు, 1702లో, ఇంగ్లండులో మొదటి దినపత్రిక 'డైలీ కూరెంట్' ఆ వీధి కొసనున్న ఫ్లీట్ వంతెన దగ్గరే మొదలైంది. తర్వాతి రెండు వందల ఏళ్లలో ఆ వీధి పత్రికలకు మారుపేరైపోయింది. ఇక వంతెన కింద పారిన ఫ్లీట్ నది ఏమైందంటే, ఊరు దాన్ని మురుగుతో నింపి, మీద కప్పు వేసి, రోడ్డు చేసింది. ఇది చదివిన అమీర్‌పేటవాసికి పెద్దగా ఆశ్చర్యం కలగదు. కూకట్‌పల్లి, బంజారా, బల్కాపూర్, పికెట్ నాలాలు హుస్సేన్ సాగర్‌లోకి ఏం మోసుకెళ్తున్నాయో ఇక్కడి ముక్కులకు తెలుసు. 1562లో మంచినీటికోసం కట్టిన చెరువు అది. అందులో చేపలు చచ్చి తేలిన ఫొటో ప్రతి పత్రిక దగ్గరా ఉంటుంది, ఏదో ఒక వేసవిలో తీసింది.

కాబట్టి అమీర్‌పేట మనిషి గాలం వెయ్యాలంటే అమీర్‌పేట దాటాలి. నిజానికి విసరడం నేర్చుకోవడానికి కూడా దాటాలి. ఫ్లై రాడ్ సుమారు తొమ్మిది అడుగులు. దారాన్ని ముందుకు ఎంత విసురుతారో వెనక్కీ అంత విసరాలి. ముందు పది మీటర్లు, వెనక పది మీటర్లు అడ్డం లేని చోటు మైత్రీవనం దగ్గర ఏ గంటకు దొరుకుతుంది? కొత్తగా నేర్చుకునేవాళ్లు కొక్కెం తీసేసి ఉన్నిపోగు కట్టి పార్కు గడ్డి మీద సాధన చేస్తారు. వాచ్‌మన్ వచ్చి "ఇక్కడ నీళ్లు లెవ్వు గద సార్" అనడం ఖాయం.

ఆ విసురులో కిటుకంతా ఆగడంలో ఉంది. వెనక్కి వేసిన దారం గాలిలో పూర్తిగా చాచుకునేదాకా చెయ్యి ఆగాలి. ముందే తోస్తే దారం కుప్పపడుతుంది, బొమ్మ తెగి పోతుంది. ఎక్కువ ఆగితే వెనక తుమ్మచెట్టుకు చుట్టుకుంటుంది. చూపుతో కాదు, మణికట్టుకు తగిలే బరువుతో తెలుసుకోవాలి. ఫిల్ము కాలం ఫొటోగ్రాఫర్లకు ఇలాంటి ఆగడం అలవాటే. నూరడుగుల ఫిల్మును చీకట్లో ముక్కలు చేసి డబ్బీల్లో చుట్టుకునేవాళ్లు. ఒక్కోదానికి 36 ఫ్రేములు. ఊరేగింపు మొదట్లోనే ముప్పై కొట్టేస్తే గొడవ మొదలయ్యేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఇప్పటి కెమెరాలు సెకనుకు ఇరవై తీస్తాయి. మీట నొక్కి పట్టుకుంటే ఆ క్షణం కూడా అందులో ఎక్కడో పడి ఉంటుంది, ఏరుకోవడమే పని. దానివల్ల ఫొటోలు చెడిపోయాయని పెద్దవాళ్లు అంటారు, కానీ అది పూర్తిగా నిజం కాదు. లాఠీచార్జిలో పరుగెత్తుతూ తీసేవాడికి ఇరవై ఫ్రేములు వరమే. చెడింది వేరే ఉంది: ఆగడం తెలిసిన చేతికి ఆగే పని లేకుండా పోయింది.

ఫొటోగ్రాఫర్ సంచిలో చేప ఎప్పుడో వచ్చి చేరింది. ఖైరతాబాద్ గణేశుడు 1954లో ఒక్క అడుగుతో మొదలై ఇప్పుడు ఏ లెన్సుకూ పట్టనంత ఎదిగాడు. ఆయన్నీ, చుట్టూ ఉన్న జనాన్నీ ఒకే ఫ్రేములో పెట్టాలంటే ఫిష్‌ఐ, అంటే చేపకన్ను లెన్సు తియ్యాలి. ఆ పేరు వెనక ఒక బకెట్ కథ ఉంది. అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1906లో నీటిలోంచి చేపకు ప్రపంచం ఎలా కనిపిస్తుందో చూద్దామనుకున్నాడు. బకెట్లో ఫొటో ప్లేటు పెట్టి, నీళ్లు నింపి, సూదిబెజ్జంలోంచి వెలుగు పడనిచ్చి ఫొటోలు తీశాడు. నీటి అడుగునుంచి పైకి చూస్తే ఆకాశమంతా, ఒడ్డుతో సహా, సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోకి ముడుచుకుని కనిపిస్తుంది. ఆ కిటికీ బయట ఉపరితలం అద్దంలా అడుగునే ప్రతిబింబిస్తుంది. గట్టు మీద నిలబడ్డ మనిషి కిటికీ అంచున పొట్టిగా, వంగిపోయి, కానీ స్పష్టంగా కనిపిస్తాడు. అందుకే తెలిసిన వేటగాడు కొన్ని అడుగులు వెనక్కి తగ్గి మోకాళ్ల మీద కూర్చుంటాడు. బాగా కింద నుంచి వచ్చే వెలుగు నీటి అంచున దాదాపు లోపలికి పోదు కాబట్టి నేలకు దగ్గరగా ఉన్నవాడు చేపకు లేనట్టే. వేదిక ముందు వెనకవాళ్ల తిట్లు తప్పించుకోవడానికి వంగి నడిచే ఫొటోగ్రాఫర్‌కి ఈ భంగిమ కొత్తేం కాదు.

ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న రెండో వస్తువు పోలరైజర్, వేటగాడికి అది నల్లకళ్లద్దాల్లో ఉంటుంది. నీటి మీద పడి జారిన వెలుగు చాలావరకు ఒకే దిశలో కంపిస్తుంది. పోలరైజర్ దాన్ని ఆపేస్తుంది. మెరుపు పోయి అడుగున రాళ్లూ, నాచూ, కదిలే నీడా బయటపడతాయి. దీన్ని పలుచటి రేకుగా తయారుచెయ్యడం 1929లో ఎడ్విన్ లాండ్ కనిపెట్టాడు. మొదట కళ్లద్దాలు అమ్మాడు, 1948లో అదే పోలరాయిడ్ కంపెనీ పేరుతో నిమిషంలో ఫొటో చేతికిచ్చే కెమెరా తెచ్చాడు. అంటే వేటగాడికి చూపునూ, ఫొటోగ్రాఫర్‌కి తొందరనూ ఇచ్చింది ఒకే మనిషి. తమాషా ఏమిటంటే, హుస్సేన్ సాగర్ ఫొటోకు ఫొటోగ్రాఫర్ ఆ ఫిల్టరును తరచూ తీసేస్తాడు. అతనికి కావాల్సింది నీటి మీది బుద్ధుడి నీడ, కింద ఏముందో కాదు. గాలం పట్టుకున్న రోజున అదే కళ్లు అడుగు చూడాలని తహతహలాడతాయి.

బొమ్మ కట్టడం మరో లోకం. క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఈలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియాలో జాలర్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ ఈకలు రెండు జతచేసి చేపలు పట్టేవాళ్లని రాశాడు. ఇప్పటికీ ఆ పని కోడి మెడ ఈకతోనే నడుస్తుంది. సన్నని, బిరుసైన, నీటిని అంటనివ్వని ఈక కావాలి. అమెరికాలో ఈ ఈకలకోసమే తరతరాలుగా పుంజుల్ని ఎంచి పెంచుతారు. మాంసం లెక్కలోకి రాదు. నలుపూ తెలుపూ చారల ఈకకు ఒక పేరు, తేనెరంగుకు ఒకటి, ఎరుపుకు ఒకటి. మనకిది అర్థంకాని పిచ్చిగా తోచాల్సిన పని లేదు. సంక్రాంతికి భీమవరం వైపు పోయి పుంజు దగ్గర నిలబడితే చాలు: కాకి, సేతు, డేగ, నెమలి, పర్ల, మైల. ఈక రంగును బట్టి పుంజుకు పేరు, పేరును బట్టి జాతకం. కుక్కుట శాస్త్రం చదివిన పందెంరాయుడినీ, స్కాట్లండు సాల్మన్ వేటగాడినీ ఒక గదిలో కూర్చోబెడితే భాష రాకపోయినా ఈకల మీద సాయంత్రందాకా పోట్లాడుకుంటారు. ఆ సాల్మన్ బొమ్మల్లో అన్నిటికంటే మోజుపడింది మన దక్షిణాది అడవుల్లోని బూడిదరంగు అడవికోడి మెడ ఈక. కొసన మైనపు చుక్కలుంటాయి, నీటిలో కన్నులా మెరుస్తాయి. ఒకప్పుడు ఇక్కడినుంచి తోళ్లు తోళ్లుగా ఓడలెక్కాయి. ఆ పక్షి ఇప్పుడు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం నీడలో ఉంది.

సాల్మన్, ట్రౌట్ మన నీళ్ల చేపలు కావు. ట్రౌట్‌ను దొరలు నీలగిరులకూ కశ్మీరుకూ తెచ్చి పెంచుకున్నారు. మద్రాస్ సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ మాత్రం ఇంగ్లండును తలుచుకుని ఏడవకుండా ఇక్కడున్న చేపల మీదే మనసు పెట్టాడు. 1873లో 'ద రాడ్ ఇన్ ఇండియా', 1887లో చెరువుల్లో గాలపువేట మీద ప్రత్యేకంగా 'ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా' రాశాడు. చెరువుల దేశానికి చెరువుల పుస్తకం. తెలంగాణలో ఆ చెరువులకు రాజు కొర్రమీను.

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. పత్రికా ఫొటోగ్రాఫర్‌కి దానితో ఏడాదికోసారి తప్పనిసరి కలయిక ఉంది. మృగశిర కార్తె రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం ఉబ్బసం రోగులకు చేపప్రసాదం ఇస్తుంది. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చటి మందు పెట్టి, దాన్ని మనిషి గొంతులోకి తోస్తారు. తెరిచిన నోరు, తోసే వేలు, బయట మిగిలిన తోక: ఈ ఫ్రేము రాని జూన్ లేదు, కరోనా ఆపిన ఏళ్లు తప్ప. అది మందా కాదా అని కోర్టుల దాకా వాదనలు నడిచాయి. వైద్యులు ఒప్పుకోలేదు, జనం మానలేదు. అదే రోజు రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో ఇసుకేస్తే రాలనంత జనం. కార్తె ప్రవేశించిన నాడు చేప తినాలని తెలంగాణలో పట్టింపు. ఫొటోగ్రాఫర్ రెండు చోట్లా తీసి, బట్టల నిండా నీచువాసనతో ఆఫీసుకొస్తాడు. కొర్రమీనును ఇంత దగ్గరగా చూసేవాడికి దాని అసలు గుణం ఇంకా తెలీదు.

ఆ గుణం ఊపిరిలో ఉంది. మొప్పలున్నా కొర్రమీనుకు అవి చాలవు, పైకొచ్చి గాలి మింగాలి. రానివ్వకుండా వలలో బిగిస్తే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మార్కెట్లో తొట్టిలో కొద్ది నీళ్లతో గంటలకొద్దీ బతికుండటం కూడా దీనివల్లే. కాబట్టి తామరాకుల మధ్య 'గుళుక్' మని ఒక వలయం లేస్తే అది కొర్రమీను కావచ్చు. ఎక్కడ లేచిందో అక్కడికి కాదు, ఎటు తిరిగిందో అటు, ఒకటి రెండు గజాల ముందు కప్పబొమ్మ వెయ్యాలి. వేశాక లాగకూడదు. వలయాలు సద్దుమణిగేదాకా ఆగి, ఒక్క కుదుపు, మళ్లీ ఆగడం. కొట్టిందా, ఆకు కింద నీళ్లు పేలినట్టవుతాయి. కొట్టకపోవడమే ఎక్కువ. మళ్లీ గాలి మింగడానికి ఎప్పుడొస్తుందో, ఎక్కడొస్తుందో చెప్పలేం. ఆ మధ్యకాలంలో చేతికి గడియారం, జేబులో ఫోన్, దూరంగా ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీలు.

ఇలా పొద్దెక్కి, సంచి ఖాళీగానే ఉండి, బండి ఇంటివైపు తిరిగినప్పుడు ఫొటోగ్రాఫర్‌కి కలిగే తేలికదనం ఓటమి కాదు. ఏమీ తేలేదేమని అడిగే డెస్కు లేదు. తేవాల్సిన గడి లేదు. చేప పడితే సంతోషమే, పడాలని రాసి పెట్టి లేదు. వృత్తిలో దొరకనిది, జీతం పెంచినా ఇవ్వలేనిది, ఇదొక్కటే. అందుకే కాబోలు ఇలాంటివాళ్లు చెరువుకు కెమెరా పట్టుకెళ్లరు. పట్టుకెళ్తే మళ్లీ ఏదో ఒకటి తియ్యాల్సి వస్తుంది.

అయితే ఈ ఖాళీ చేతుల సుఖం అందరిదీ కాదు. చెరువులు మత్స్య సహకార సంఘాలవి. గంగపుత్రులో, ముదిరాజులో వల మీద బతికేవాళ్లు. పట్నం నుంచి వచ్చినవాడు అడిగి దిగాలి. అడిగి దిగి, అరగంట ఆట తర్వాత రెండు కిలోల కొర్రమీనును ఒడ్డుకు చేర్చి, కొక్కెం ఊడదీసి, మళ్లీ నీళ్లలో వదిలేస్తే పక్కనున్న పెద్దమనిషి ఊరుకోడు.

"పట్టి మల్ల ఇడిశిపెట్టుడేంది సార్?"

"మీ చేపనే గదా పెద్దయ్యా, మీ చెరువులనే ఉంటది."

"గట్లయితే ఒడ్డు మీన పెట్టరాదు, మేమే తీస్కపోతుంటిమి."

దీనికి సమాధానం లేదు. పట్టి వదలడం కడుపు నిండినవాళ్ల నీతి. వదిలిన చేపలన్నీ బతుకుతాయని కూడా లేదు. కొక్కెం లోతుగా గుచ్చుకున్నదీ, ఎండలో ఎక్కువసేపు పోరాడినదీ తర్వాత చచ్చిపోవచ్చు. ముల్లు లేని కొక్కెం వాడేవాళ్లు, తడి చేత్తోనే పట్టుకునేవాళ్లు నష్టాన్ని తగ్గిస్తారు. లేకుండా చేస్తున్నామని చెప్పుకుంటే అది బడాయి.

పట్టి వదలడాన్ని కెమెరాలో వెతికినవాళ్లూ ఉన్నారు. పులుల వేటగాడు జిమ్ కార్బెట్ తర్వాతి రోజుల్లో తుపాకీ తగ్గించి సినిమా కెమెరా పట్టాడు. అతనికి ముందే ఎఫ్.డబ్ల్యు. చాంపియన్ అనే అటవీ అధికారి 'విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌లాండ్' పుస్తకంతో 1927లో దారి చూపాడు. కెమెరా అంటే చంపకుండా పట్టుకోవడం, పట్టి వదిలెయ్యడం అని వాళ్లు నమ్మారు. పులి విషయంలో అది నిజమే. మనిషి విషయంలో కాదు. 2002 మార్చిలో అహ్మదాబాద్‌లో చేతులు జోడించి, కళ్లనీళ్లతో నిలబడ్డ దర్జీ కుతుబుద్దీన్ అన్సారీని రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ ఆర్కో దత్తా తీశాడు. గుజరాత్ అల్లర్లంటే ప్రపంచానికి ఆ ముఖమే గుర్తొచ్చింది. అన్సారీ ప్రాణాలతో బయటపడ్డాడు, ఫొటోలోంచి మాత్రం బయటపడలేకపోయాడు. వెళ్లిన చోటల్లా జనం గుర్తుపట్టడం వల్ల ఊరు మారాడు, కొంతకాలం కోల్‌కతాలో ఉన్నాడు. ఏళ్ల తర్వాత ఆ ఇద్దరూ కలుసుకున్నారు. ఫొటో తియ్యకుండా ఉండాల్సిందని దానర్థం కాదు. తియ్యకపోతే ఆ రోజు ఏం జరిగిందో చెప్పే ముఖమే ఉండేది కాదు. కానీ షట్టరు నొక్కాక వదలడం ఫొటోగ్రాఫర్ చేతిలో ఉండదన్న సంగతి ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నిమ్స్ మార్చురీ బయట ఏడుస్తున్నవాళ్ల వైపు లెన్సు ఎత్తిన ప్రతిసారీ తెలుస్తుంది. కొందరు ఎత్తి, తీసి, డెస్కుకు పంపకుండా ఉంచేసుకుంటారు. ఆ సాయంత్రం "ఇంకేమన్న ఉన్నయా" అని అడిగితే లేవంటారు.

వానలు మొదలయ్యాక గాలం అటకెక్కుతుంది. అప్పుడు కొర్రమీను పిల్లలతో ఉంటుంది. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద ముద్దగా కదులుతుంటే తల్లిదండ్రులు కింద కాపలా కాస్తాయి. ఆ గుంపు మధ్య ఏది పడినా కొడతాయి, ఆకలితో కాదు, కోపంతో. వెయ్యడం కంటే సులువైన పని లేదు. మర్యాద తెలిసినవాళ్లు వెయ్యరు. పెద్దచేపను లాగేస్తే నిమిషాల్లో పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి.

సరిగ్గా అప్పుడే పత్రికకు వాన కావాలి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లకు పైగా, 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో 19 సెంటీమీటర్లు. మైత్రీవనం దగ్గర మోకాలు మునిగిందంటే చాలు, సెలవుల్లేవు. ఊరి చివర చెరువు మత్తడి దుంకితే చేపలు ఎదురెక్కి రోడ్డు మీదికి వస్తాయి. పిల్లలు లుంగీలతో, దోమతెరలతో దిగుతారు. ఒక్కడు పెద్ద బొచ్చెను రెండు చేతులా పట్టి, "అన్నా, నాది తియ్యి" అని కెమెరా ముందుకు చాపుతాడు. వైడ్ లెన్సు ముందు చేతులు చాపితే చేప రెట్టింపవుతుంది. గాలంవాళ్లందరికీ వచ్చిన విద్య అది. తీసి, కార్డు తుడిచి, ల్యాప్‌టాప్‌లోంచి పంపిన పది నిమిషాలకు డెస్కు నుంచి ఫోన్.

"అన్నా, మస్తుంది ఫొటో. ఆ చేప ఎంతుంటది? ఐదు కిలోలుంటదా?"

"కిలోన్నర. లెన్సు గట్ల చూపిచ్చింది. బరువు రాయకుండ్రి."

"మూడని రాస్తం తియ్యన్నా, పేజీ పోతుంది."